తుక్కుకు లెక్క కట్టినవారు కార్మికుని ప్రాణానికి లెక్క కట్టలేదు

ఒక టన్ను తుక్కు ఇనుమును తిరిగి ఉక్కుగా మార్చినట్లయితే 1.1 టన్నుల ఇనుప ఖనిజం, 630 కిలోల కోకింగ్ బొగ్గు, 55 కిలోల సున్నపురాయి ఆదా అవుతాయని కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రకటించిన ఉక్కు తుక్కు విధానం చెబుతున్నది. ఈ లెక్కను మేము కాదనము. ఖనిజం మిగలడం దేశానికి మేలు. బొగ్గు మిగలడం కూడా మేలే. అయితే గనిలో మిగిలిపోయిన రాతికి దశాంశ స్థానం వరకు లెక్క కట్టినవారు, ఆ టన్ను తుక్కును కోసి, విరిచి, భుజాన మోసిన కార్మికుని చేతివేళ్లకూ ఊపిరితిత్తులకూ అంతే శ్రద్ధతో ఎందుకు లెక్క కట్టలేదని మేము ప్రశ్నిస్తున్నాము.

నేడు 'సర్క్యులర్ ఎకానమీ' అనే మాట మంత్రుల ఉపన్యాసాలలోను, వాణిజ్య మండలుల తీర్మానాలలోను, అంతర్జాతీయ సంస్థల నివేదికలలోను మారుమోగుతున్నది. తీసుకోవడం, వాడడం, పారవేయడం అనే పాత పద్ధతికి బదులు, వాడిన వస్తువును మరల ముడిసరుకుగా మార్చుకొనే వర్తుల ఆర్థిక విధానమని దీని అర్థం. ప్రకృతిని కొల్లగొట్టకుండానే ఆర్థికాభివృద్ధి సాధ్యమని, దీనివలన లక్షలాది ఉద్యోగాలు పుట్టుకొస్తాయని చెబుతున్నారు. "పాత ఇనుప సామాన్లు, పాత పేపర్లు కొంటాం" అని కేక వేస్తూ మన వీధులలో బండి తోసుకొని తిరిగే మనిషికి ఈ విద్యను ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. కొత్తదేమనగా, ఆ పనిలోకి ఇప్పుడు భారీ పెట్టుబడి ప్రవేశించినది. పెట్టుబడి ప్రవేశించిన చోట కార్మికవర్గం అడుగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ చక్రాన్ని తిప్పుతున్నది ఎవరు? దాని ఫలం అందుకొంటున్నది ఎవరు?

ఈ ప్రశ్నకు సమాధానం ఏ ముసుగూ లేకుండా కనిపించే చోటు పాత ఓడలను విడగొట్టే పరిశ్రమ. అందుచేత ఈ పరిశ్రమనే ఉదాహరణగా తీసుకొని చర్చించదలచినాము.

సముద్రపుటొడ్డున తిరిగే చక్రం

గుజరాత్‌లోని భావనగర్ జిల్లాలో, ఖంభాత్ సింధుశాఖ ఒడ్డున అలంగ్ ఉన్నది. అక్కడ సముద్రపు పోటుకూ పాటుకూ మధ్య తేడా దాదాపు పది మీటర్లు. పోటు సమయంలో పాత ఓడను పూర్తి వేగంతో నడిపించి బురద ఒడ్డుకు ఎక్కిస్తారు. పాటులో నీరు వెనుకకు తగ్గగానే ఓడ నేలమీద నిలుస్తుంది. ఇంతకంటె చౌకగా ఓడను గట్టెక్కించే ఉపాయం లేదు. 1983లో మొదటి ఓడ వచ్చిన నాటినుండి అలంగ్ ఈ పనికి ప్రపంచంలోని అతి పెద్ద కేంద్రాలలో ఒకటిగా పెరిగినది. బంగ్లాదేశ్‌లో చట్టోగ్రామ్ దగ్గరి సీతాకుండ, పాకిస్తాన్‌లో బలూచిస్తాన్ తీరంలోని గడానీ కూడా ఇటువంటివే. ప్రపంచంలో ఆయువు తీరిన ఓడల టన్నేజిలో అధికభాగం ఈ మూడు దేశాల ఒడ్డుకే చేరుకొంటున్నది.

ఒడ్డుకు చేరిన ఓడలో వృథా అయ్యేది బహు స్వల్పం. ఇనుప రేకులు సీహోర్ వంటి చోట్లనున్న రోలింగ్ మిల్లులకు వెళ్తాయి. అక్కడ వాటిని కరిగించకుండానే కొలిమిలో కాల్చి, సాగదీసి కడ్డీలుగా తీస్తారు. ఆ కడ్డీలు ఇళ్ల కప్పులలోకి, వంతెనలలోకి వెళ్తాయి. ఇంజన్లు, జనరేటర్లు, పంపులు వేరే కార్ఖానాలకు వెళ్తాయి. ఓడలోని మంచాలు, కుర్చీలు, వంటపాత్రలు, చివరకు ప్రాణరక్షణ చొక్కాలు సైతం అలంగ్ రహదారికి ఇరుప్రక్కలనున్న దుకాణాలలో అమ్ముడుపోతాయి. వర్తుల ఆర్థిక విధానానికి ఇంతకంటె మంచి నమూనా లేదని పాలకులు అంటున్నారంటే, వస్తువుల వరకు అది నిజమే.

ఆ చక్రాన్ని తిప్పే చేతులు మాత్రం స్థానికమైనవి కావు. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, జార్ఖండ్ రాష్ట్రాల పల్లెలనుండి బ్రతుకుదెరువుకై వచ్చిన వలస కార్మికులవి. గ్యాస్ కటర్ పట్టి రేకులు కోసేది వారే. కోసిన రేకును క్రిందికి దింపేది, మోసేది వారే. ముఠా మేస్త్రీ చెప్పిన మాటే వారికి చట్టం.

విలువ ఎక్కడ పుడుతున్నది, ఎక్కడికి పోతున్నది?

ఆర్థికాభివృద్ధిని గురించి మాట్లాడేవారు ఒక సంగతిని కప్పిపుచ్చుతున్నారు. విడగొట్టవలసిన ఓడను యజమాని మనకు ఊరికే ఇవ్వడు. టన్నుకు ఇన్ని డాలర్లని వెల కట్టి అమ్ముతాడు. యార్డు యజమాని పెట్టే ఖర్చులో అతి పెద్ద భాగం ఓడ కొనుగోలుకే పోతుంది. యార్డులో పుట్టే విలువ అనగా, తుక్కు అమ్మిన ధరనుండి ఓడ ధరను, గ్యాసు తదితర ఖర్చులను తీసివేయగా మిగిలినది. ఓడ ధర పెరిగినకొద్దీ ఆ మిగులు తగ్గుతుంది. తగ్గిన మిగులులోనే కూలి, భద్రత, లాభం మూడూ ఇమడాలి. లాభం తనంతట తాను తగ్గదు కనుక, కోత పడేది కూలికీ భద్రతకూ.

ఇదే ఓడకు టర్కీలోనో ఐరోపాలోనో ఇచ్చే ధరకంటె మన ఒడ్డున ఎక్కువ ధర పలుకుతున్నది. అందుకు కొంత కారణం ఇక్కడ కడ్డీల గిరాకీ. మిగిలిన కారణం మాటేమిటి? అక్కడ ఖర్చు చేయక తప్పని క్రేనులు, గట్టి నేల, విషపదార్థాలను తొలగించే ఏర్పాట్లు, ఆసుపత్రి, బీమా, సెలవు వేతనం ఇక్కడ పూర్తిగా ఖర్చు చేయనక్కరలేదు. ఆ మిగిలిన సొమ్ము డాలర్ల రూపంలో విదేశీ ఓడ యజమాని చేతికి పోతున్నది. అనగా, మన కార్మికుడు తన వేలు పోగొట్టుకొని, ఊపిరితిత్తులు పాడుచేసుకొని మిగిల్చిన ధనం ఈ దేశపు అభివృద్ధికి సైతం పూర్తిగా అక్కరకు రావడం లేదు. సొమ్మొకడిది, సోకొకడిది అన్నట్లు, ఐరోపా నౌకా కంపెనీ తన వార్షిక నివేదికలో 'పర్యావరణ హితంగా రీసైకిల్ చేసినాము' అని వ్రాసుకొంటున్నది.

ఈ బేరంలో మధ్యవర్తి కంపెనీలున్నాయి. చివరి ప్రయాణానికి ముందు ఓడను రొక్కం చెల్లించి కొనేది ఇవే. కొన్న తర్వాత ఓడ జెండా మారుతుంది. కొమొరోస్, పలావు, సెయింట్ కిట్స్ వంటి చిన్న దీవుల జెండా ఎగురుతుంది. ఐరోపా సంఘం జెండా ఉన్న ఓడలను తాము ఆమోదించిన యార్డులలోనే విడగొట్టాలని 2013లో ఆ సంఘం నిబంధన చేసినది. జెండా మార్చిన ఓడకు ఆ నిబంధన తగలదు. జెండా అనగా గుడ్డముక్క కాదు, బాధ్యతను దులుపుకొనే సాధనమని దీనివలన తేటతెల్లమవుతున్నది.

జాతీయాదాయంలో కనిపించని పద్దు

ఓడ విడగొట్టే పని ఎంత ప్రమాదకరమైనదో కార్మిక సంఘాలు చెప్పితే అతిశయోక్తి అంటారు. సర్వోన్నత న్యాయస్థానం ఆదేశంపై ఏర్పడిన సాంకేతిక నిపుణుల సంఘం 2006లో ఏమి చెప్పినదో చూడండి. గనులలో ఏటా వేయిమందికి 0.34 చొప్పున ప్రాణాంతక ప్రమాదాలు జరుగుతుండగా, అలంగ్‌లో వేయికి 2 చొప్పున జరుగుతున్నవని ఆ సంఘం తేల్చినది. అనగా గనికంటె దాదాపు ఆరు రెట్లు. ఆస్‌బెస్టాస్ పనిలో ఉండి పరీక్షకు వచ్చిన కార్మికులలో ఇంచుమించు ఆరుగురికి ఒకరి చొప్పున ఊపిరితిత్తుల వ్యాధి తొలి లక్షణాలు కనిపించినవని కూడా ఆ నివేదిక తెలియజేసినది.

ఆస్‌బెస్టాస్ వలన వచ్చే జబ్బు వెంటనే బయటపడదు. ఇరవై, ముప్పది సంవత్సరాలు పట్టవచ్చును. అప్పటికి కార్మికుడు యార్డులో ఉండడు. గంజాం జిల్లాలోనో గోరఖ్‌పూర్ ప్రాంతంలోనో తన పల్లెలో దగ్గుతూ ఉంటాడు. యార్డు లెక్కలలో అతని పేరు లేదు. ఓడ పేరు ఎవరికీ జ్ఞాపకముండదు.

స్థూల దేశీయోత్పత్తి లెక్క వేసే పద్ధతి మరీ విడ్డూరమైనది. అతడు కోసిన ఇనుము విలువ ఆ సంవత్సరపు ఉత్పత్తిలో చేరినది. ఇరవై ఏళ్ల తర్వాత అతని కుటుంబం పొలం అమ్మి ప్రైవేటు ఆసుపత్రికి చెల్లించిన బిల్లు కూడా మరొక సంవత్సరపు ఉత్పత్తిలో చేరుతుంది. అతని ఆరోగ్యం తరిగిపోయిన సంగతి మాత్రం ఏ పద్దులోనూ తీసివేతగా పడదు. యంత్రం అరిగిపోతే తరుగుదల వ్రాసుకోవడానికి యజమానికి చట్టం అవకాశమిస్తుంది. మనిషి అరిగిపోతే వ్రాసుకొనే పద్దే లేదు. ఇటువంటి లెక్కపై ఆధారపడి వర్తుల విధానం దేశాన్ని సంపన్నం చేస్తున్నదని చెప్పడం, ఇంటి దూలాన్ని పొయ్యిలో పెట్టి వంటచెరకు ఆదా అయినదని సంబరపడడం వంటిది.

'సాధ్యం కాదు' అనే వాదానికి సమాధానం

భద్రతతో ఓడలు విడగొట్టడం సాధ్యం కాదని, అంత ఖర్చు పెట్టిన యార్డు నిలువదని యాజమాన్యాలు తరచు వాదిస్తుంటాయి. ఈ వాదానికి చరిత్రే సమాధానం చెప్పినది. ఫ్రాన్సు దేశపు విమానవాహక యుద్ధనౌక క్లెమెన్సో 2005 డిసెంబరు 31న తూలోన్ రేవు నుండి అలంగ్‌కు బయలుదేరినది. దాని కడుపునిండా ఆస్‌బెస్టాస్. మన దేశంలోను, ఫ్రాన్సులోను నిరసన చెలరేగినది. చివరకు 2006 ఫిబ్రవరిలో అధ్యక్షుడు జాక్ షిరాక్ ఆ ఓడను సగం దారినుండి వెనుకకు రప్పించవలసి వచ్చినది. తర్వాత అదే ఓడను ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో 2009-10 కాలంలో విడగొట్టినారు. ఓడ అదే, ఆస్‌బెస్టాస్ అదే, ఇనుమూ అదే. మారినది ఒక్కటే. అక్కడి కార్మికుని ఊపిరికి విలువ కట్టే చట్టమున్నది, ఆ విలువను చెల్లించవలసినవాడు చెల్లించినాడు. కనుక భద్రత సాధ్యమే. అది ఎవరి ఖర్చుతో అన్నదే అసలు తగవు.

ఉద్యోగాల వాగ్దానం సంగతి

2021-22 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఈ పరిశ్రమను ప్రత్యేకంగా ప్రస్తావించినారు. దాదాపు 45 లక్షల టన్నుల ఓడల విచ్ఛేదన సామర్థ్యాన్ని 2024 నాటికి రెట్టింపు చేస్తామని, దానివలన యువతకు అదనంగా లక్షా యాభైవేల ఉద్యోగాలు లభిస్తాయని ప్రకటించినారు. జరిగినదేమిటి? 2011-12లో అలంగ్‌కు నాలుగు వందలకు పైగా ఓడలు వచ్చినవి. 2022-23లో గాని, 2023-24లో గాని ఆ సంఖ్య నూట యాభైకి చేరలేదు.

కారణం సులభంగానే గ్రహించవచ్చును. సముద్ర రవాణా కిరాయిలు పెరిగినప్పుడు ఓడ యజమాని పాత ఓడను కూడా నడిపించుకొంటాడు. కిరాయిలు పడిపోయినప్పుడే తుక్కుకు పంపుతాడు. ఓడ ఎప్పుడు వస్తుందో నిర్ణయించేది అలంగ్ కాదు, మన ఆర్థికశాఖ కాదు, ప్రపంచ నౌకా విపణి. అటువంటి పరిశ్రమలో ఓడ లేని నెలలకు కూలి లేదు. యార్డు సామర్థ్యం కాగితం మీద రెట్టింపైనంత మాత్రాన కార్మికునికి పని రెట్టింపు కాదు. ఓడ లేని కాలంలో అతనికి భృతి ఎవరిస్తారో చెప్పకుండా ఉద్యోగాల సంఖ్య చెప్పడం మభ్యపెట్టడమే.

ఇక్కడ మన ఉక్కు కార్మికులలో తలెత్తే ఒక సందేహాన్ని కూడా చర్చించాలి. తుక్కుతో ఉక్కు పెరిగితే బైలదిల్లా గనికార్మికుని పని, ఆ ఖనిజంతో నడిచే విశాఖ ఉక్కు కార్మికుని పని ఏమవుతుందని అడుగుతున్నారు. 2017 జాతీయ ఉక్కు విధానం 2030-31 నాటికి 30 కోట్ల టన్నుల సామర్థ్యాన్ని లక్ష్యంగా పెట్టుకొన్నది. అంత ఉక్కుకు తుక్కు ఒక్కటే చాలదు, రెండూ కావలసినవే. కనుక తుక్కు కోసే కార్మికుడు గనికార్మికునికి పోటీదారు కాడు. ఒక టన్ను ఉక్కును సంఘటిత కార్మికుడు చట్టబద్ధమైన వేతనంతోను, మరొక టన్నును దినకూలీ ఏ రక్షణా లేకుండాను తయారుచేసే స్థితి కొనసాగడమే నిజమైన ప్రమాదం. చౌక శ్రమ ఒకచోట స్థిరపడితే అది అన్నిచోట్ల వేతనాన్ని క్రిందికి లాగుతుంది. అందుచేత అలంగ్ కార్మికుని పోరాటం విశాఖ కార్మికుని ప్రయోజనానికి సంబంధించినదే.

ధ్రువపత్రం గోడకు, గాయం కార్మికునికి

ఓడల సురక్షిత విచ్ఛేదన కోసం 2009లో కుదిరిన హాంకాంగ్ అంతర్జాతీయ ఒడంబడిక పదహారేళ్లకు, 2025 జూన్ 26న అమలులోకి వచ్చినది. భారతదేశం 2019లోను, బంగ్లాదేశ్, పాకిస్తాన్ 2023లోను దానిలో చేరినవి. ఓడలోని ప్రమాదకర పదార్థాల జాబితా ఓడతోనే రావాలని, యార్డుకు అనుమతి ఉండాలని ఆ ఒడంబడిక చెబుతున్నది. ఇది ఒక అడుగు ముందుకే. అయితే బురద ఒడ్డున ఓడను ఎక్కించే పద్ధతిని అది నిషేధించలేదు. ఓడ యజమానినుండి వసూలు చేసే నిధిని దేనినీ ఏర్పరచలేదు.

గడానీలో 2016 నవంబరు 1న ఒక చమురు ఓడలో పేలుడు సంభవించి ఇరవై మందికి పైగా కార్మికులు మరణించినప్పుడు, అక్కడ నిబంధనలు లేవని అన్నారు. 2024 సెప్టెంబరులో సీతాకుండలో పేలుడు జరిగి కార్మికులు మరణించినది మాత్రం ధ్రువపత్రం పొందిన 'హరిత' యార్డులోనే. ధ్రువపత్రం కార్యాలయపు గోడకు వ్రేలాడుతుంది. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరిని పరీక్షించకుండానే దీపం వెలిగించమని చెప్పేది పని గడువు. గడువుకు ఎదురుచెప్పగల సంఘం యార్డులో లేనంతకాలం ఏ ధ్రువపత్రమూ ప్రాణం కాపాడలేదు.

మన చట్టాల సంగతి చూద్దాము. 1948 ఫ్యాక్టరీల చట్టం ఓడలను విడగొట్టే పనిని పేరుపెట్టి మరీ ఉత్పత్తి ప్రక్రియగా గుర్తించినది. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన లేబర్ కోడ్‌లు ఏమి చేసినవి? విద్యుత్తు వాడే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనే నిర్వచనాన్ని ఇరవై మందికి, విద్యుత్తు లేని చోట ఇరవైనుండి నలభైకి పెంచినవి. కాంట్రాక్టు కార్మికుల రక్షణ నిబంధనలు వర్తించే సంఖ్యను ఇరవైనుండి యాభైకి పెంచినవి. పది పదిహేనుమంది ముఠాలుగా పంచుకొని పని చేయించే పరిశ్రమలో దీని అర్థమేమిటో వేరుగా చెప్పనక్కరలేదు. పెద్ద యార్డు ఒకవేళ చట్టం పరిధిలో ఉన్నా, దాని చుట్టూ ఉన్న తుక్కు గోదాములు, తీగెలు ఒలిచే షెడ్లు, ఆ యార్డుకే మనుషులను పంపే మేస్త్రీలు పరిధినుండి జారిపోతారు. ఒకచేత్తో వర్తుల విధానాన్ని ప్రోత్సహిస్తూ, రెండవచేత్తో అందులో పనిచేసేవారి రక్షణను కత్తిరించడం పాలకుల ద్వంద్వనీతి కాక మరేమిటి?

మూసివేత కాదు, మూల్యం చెల్లింపు

ఈ ఒడ్డులను మూసివేయాలని కొందరు పాశ్చాత్య ఉద్యమకారులు కోరుతున్నారు. వారి సదుద్దేశాన్ని శంకించము. కాని యార్డు మూతపడితే ఓడ యజమానికి నష్టం లేదు. మరో ఒడ్డు వెతుక్కొంటాడు. ఆకలితో ఇంటికి తిరిగిపోయేది కార్మికుడే. మరోవైపు, భద్రత అడిగితే ఓడలన్నీ చట్టోగ్రామ్‌కు పోతాయని మన యాజమాన్యాలు బెదిరిస్తున్నవి. చట్టోగ్రామ్ యాజమాన్యాలు అక్కడి కార్మికులను ఓడలు అలంగ్‌కు పోతాయని బెదిరిస్తున్నవి. మూడు దేశాలూ ఒకే ఒడంబడికలో చేరిన తర్వాత ఈ బెదిరింపుకు పునాది పోయినది. ప్రపంచపు పాత ఓడలలో అధికభాగం మన మూడు ఒడ్డులకే రావలసి ఉన్నప్పుడు, మూడు దేశాల కార్మికులు ఒకే మాట మీద నిలిస్తే ఆ ఓడలు ఎక్కడికి పోతాయి?

కనుక మా డిమాండ్లు ఇవి:

ఒకటి: విడగొట్టడానికి వచ్చే ప్రతి ఓడపై టన్నుకు ఇంతని ఓడ యజమానినుండి సుంకం వసూలు చేయాలి. ఐరోపాలో ఓడలనుండి ముందుగానే రుసుము వసూలు చేసే పథకం 2016లో పరిశీలనకు వచ్చి ఆగిపోయినది. మన మూడు ప్రభుత్వాలు కలసి దానిని అమలు చేయాలి. ఆ నిధి నిర్వహణలో కార్మిక సంఘాలకు స్థానముండాలి.

రెండు: ప్రతి కార్మికునికి గుర్తింపు కార్డు, ఏ ఓడపై ఎన్నాళ్లు పనిచేసినాడో తెలిపే రికార్డు ఉండాలి. పని మానిన ముప్పది ఏళ్ల తర్వాతనైనా తన స్వంత జిల్లాలో ఉచిత ఊపిరితిత్తుల పరీక్ష, వైద్యం, పరిహారం పొందే హక్కు దానివలన లభించాలి.

మూడు: తీవ్రంగా కాలిన కార్మికుని దాదాపు యాభై కిలోమీటర్ల దూరంలోని భావనగర్‌కు తరలించే దుస్థితి పోవాలి. యార్డుల వద్దనే కాలిన గాయాలకు, ఎముకల గాయాలకు సకల సౌకర్యాలుగల ఆసుపత్రి నెలకొల్పాలి.

నాలుగు: కోత పనిలో ముఠా కాంట్రాక్టు పద్ధతిని రద్దుచేసి, యార్డు యజమానే నేరుగా నియమించే విధానం తేవాలి. ఓడ లేని కాలానికి భృతి చెల్లించాలి. తుక్కు పరిశ్రమలో కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా భద్రతా చట్టాలు వర్తించాలి.

ఐదు: ఎన్ని టన్నుల ఇనుము లభించినదో ప్రకటించే ప్రతి ప్రభుత్వ పత్రంలో, ఆ పక్కనే ఆ సంవత్సరం ఎంతమంది కార్మికులు మరణించినారో, ఎంతమంది వికలాంగులైనారో ప్రకటించాలి.

ఈ అయిదవది ఖర్చు లేని డిమాండు. అయినా పాలకులు దీనికే ఎక్కువ జంకుతారని మేమెరుగుదుము. రెండు అంకెలు పక్కపక్కన నిలిచిననాడు, ఈ అభివృద్ధికి ఎవరు వెల చెల్లిస్తున్నారో చదువురాని వానికి సైతం తెలిసిపోతుంది.

వర్తుల విధానం మంచిదే. భూమిలోని సంపద తరువాతి తరాలకు మిగలవలసినదే. కాని వస్తువు మాత్రమే తిరిగి ప్రాణం పోసుకొని, దానిని మలచిన మనిషి తుక్కుగా మిగిలిపోయే విధానాన్ని కార్మికవర్గం అంగీకరించదు. ఒడ్డున కూలికి నిలబడే వలస కార్మికునినుండి వీధిలో బండి తోసే తుక్కు కార్మికుని వరకు, తుక్కుతో బ్రతికే ప్రతి ఒక్కరినీ సంఘంలోకి తేవడం మన శాఖల తక్షణ కర్తవ్యం. ప్రతి జిల్లా శాఖ తన పరిధిలోని రోలింగ్ మిల్లులను, తుక్కు గోదాములను, పాత బ్యాటరీలు విప్పే షెడ్లను గుర్తించి, అక్కడి కార్మికుల సంఖ్యను, వేతనాన్ని, జరిగిన ప్రమాదాలను వ్రాసి కేంద్ర కార్యాలయానికి పంపవలసినదిగా విజ్ఞప్తి చేస్తున్నాము. ప్రభుత్వం వ్రాయని లెక్కను మనమే వ్రాద్దాము.